యూరియా బస్తాలో సగం ఎటు పోతోంది? మొక్కజొన్న రైతు నత్రజని లెక్క

మొక్కజొన్న రైతులు ఇద్దరు కలిస్తే యూరియా ముచ్చట బస్తాల లెక్కలోనే నడుస్తుంది. "ఎన్ని బస్తాలేసినవ్?" అని వరంగల్ వైపు, "ఎన్ని కట్టలేశావు?" అని గుంటూరు వైపు. నాలుగు వేసినవాడికి ఐదు వేసినవాడి చేను ఎప్పుడూ ఒక పిసరు ఎక్కువ పచ్చగా కనిపిస్తుంది. మరుసటి ఏడాది తనూ ఐదుకు వెళ్తాడు. అవతల శాస్త్రవేత్తలు, వ్యవసాయ అధికారులు "యూరియా తగ్గించండి" అని ప్రతి సమావేశంలోనూ చెబుతూనే ఉంటారు. రైతు తలూపి ఇంటికెళ్లి తన పని తను చేసుకుంటాడు. దాన్ని మొండితనం అనడం తేలికే గానీ, రైతు పక్కన కూర్చుని లెక్క వేస్తే ఆయన తలూపి ఊరుకోవడానికి మంచి కారణమే కనిపిస్తుంది.

45 కిలోల వేపపూత యూరియా బస్తా ధర 266 రూపాయల 50 పైసలు. యూరియాలో నత్రజని 46 శాతం కాబట్టి బస్తాలో ఉండేది 20.7 కిలోలు. అంటే కిలో నత్రజని దాదాపు 13 రూపాయలు. 2025-26 సీజనుకు మొక్కజొన్న మద్దతు ధర క్వింటాలుకు 2,400 రూపాయలు. ఆ ధర అందరికీ దక్కదు గనక కిలో గింజకు 20 రూపాయలే అనుకుందాం. కిలో నత్రజని వేసినందుకు ముప్పావు కిలో గింజ అదనంగా వచ్చినా పెట్టుబడి వెనక్కి వచ్చేసినట్టే. బాగా చూసుకున్న చేలో కిలో నత్రజనికి 20 కిలోల గింజ, ఒక్కోసారి ఆ పైన కూడా పెరుగుతుంది. ఇంత చవకైన సరుకు విషయంలో "ఒక బస్తా తగ్గిస్తే 266 రూపాయలు మిగులుతాయి" అని చెబితే ఎవరు వింటారు? కూలీకి ఒక పూటకు కూడా చాలవు ఆ డబ్బులు.

అందుకే పొదుపు అనే మాటతో మొదలుపెడితే ఈ చర్చ ఎక్కడికీ పోదు. పోతున్న డబ్బు బస్తా ధరలో లేదు, బస్తాలోంచి మొక్కకు అందని నత్రజనిలో ఉంది. మొక్కజొన్న ఒక టన్ను గింజ ఇవ్వాలంటే వేరు, కాండం, ఆకు, కంకి అన్నిటికీ కలిపి 20 నుంచి 25 కిలోల నత్రజని తీసుకోవాలి. మధ్యస్థంగా 22 కిలోలనుకుందాం. ఒక బస్తా వేస్తే అందులో మూడో వంతే, అంటే 7 కిలోల లోపు మాత్రమే మొక్కలోకి చేరితే అది మూడు క్వింటాళ్ల గింజకు సరిపోతుంది. అదే బస్తాలో సగం చేరితే నాలుగున్నర క్వింటాళ్లు దాటుతుంది. తేడా ఒకటిన్నర క్వింటాలు. మద్దతు ధరలో 3,600 రూపాయలు. బస్తా ధర 266. పంటకు నత్రజని కరవున్నంత వరకే పనికొచ్చే లెక్క ఇది. మొదటి మూడు బస్తాలకు వర్తిస్తుంది, ఆరో బస్తాకు వర్తించదు. అయినా ఎటువైపు చూడాలో చెప్పడానికి ఇది చాలు.

నేల మీద పడ్డాక ఏం జరుగుతుంది

యూరియా గుళికను మొక్క ఉన్నదున్నట్టుగా పెద్దగా తినదు. తేమ తగలగానే గుళిక కరుగుతుంది. నేలలోనూ, కుళ్లుతున్న ఆకు అలముల మీదా యూరియేజ్ అనే ఎంజైము ఉంటుంది. అది యూరియాను అమ్మోనియాగా విడగొడుతుంది. వెచ్చటి నేలలో ఈ పని చాలావరకు మూడు నాలుగు రోజుల్లో ముగిసిపోతుంది. మార్పు జరుగుతున్నప్పుడు గుళిక చుట్టూ ఉన్న కాస్త మట్టిలో క్షారత పెరుగుతుంది. ఆ స్థితిలో అమ్మోనియా వాయువుగా మారుతుంది. పైన మట్టి ఉంటే ఆ వాయువును మట్టి అమ్మోనియం రూపంలో పట్టేసుకుంటుంది. మట్టి లేకపోతే గాల్లో కలుస్తుంది. పశువుల కొట్టంలో ఉదయాన్నే ముక్కు మండించే వాసన ఇదే వాయువుది. చేలో అది పలచగా ఉంటుంది గనక మనకు తెలియదు. పైపైన చల్లి వదిలేసిన యూరియాలో పావు వంతు దాకా ఇలా పోవచ్చు. ఎండ, గాలి, సున్నపు నేల మూడూ కలిస్తే ఇంకా ఎక్కువే పోతుంది.

మట్టి పట్టుకున్న అమ్మోనియం కొన్నాళ్లు కదలదు. రేగడి బంకమట్టి దాన్ని గట్టిగా పట్టుకుంటుంది, చల్కా ఇసుక అంతగా పట్టుకోలేదు. తర్వాత నేలలోని సూక్ష్మజీవులు దాన్ని రెండు మూడు వారాల్లో నైట్రేటుగా మారుస్తాయి. మొక్కకు నైట్రేటు ఇష్టమే. చిక్కేమిటంటే నైట్రేటును మట్టి పట్టుకోదు. నీళ్లు ఎటు పోతే అటు పోతుంది. తేలిక నేలల్లో పెద్ద వాన పడితే వేర్లు దాటి కిందికి దిగిపోతుంది, అక్కడి నుంచి బావిలోకి, బోరులోకి. తాగే నీటిలో లీటరుకు 45 మిల్లీగ్రాములకు మించి నైట్రేటు ఉండకూడదన్న నిబంధన మనకు ఉన్నదందుకే. నల్లరేగడిలో నీళ్లు నిలిస్తే కథ వేరు. గాలి ఆడని మట్టిలో కొన్ని సూక్ష్మజీవులు నైట్రేటులోని ప్రాణవాయువును వాడుకుని, నత్రజనిని మళ్లీ గాల్లోకి వదిలేస్తాయి.

ఇక్కడ వేపపూత గురించి ఒక మాట. 2015 నుంచి మనకు దొరికే యూరియా దాదాపు అంతా వేపపూతదే. చాలామంది రైతులు, కొందరు డీలర్లు కూడా "వేపపూత ఉంది కదా, ఆవిరి కాదు" అంటుంటారు. వేపనూనె ప్రధానంగా నెమ్మదింపజేసేది అమ్మోనియం నైట్రేటుగా మారే దశను. అంతకుముందే, పైన పడి ఉన్నప్పుడే గాల్లో కలిసే అమ్మోనియాను అది ఆపుతుందని నమ్ముకోవద్దు. వేపపూత ఉన్నా యూరియా మీద మట్టి పడాల్సిందే.

"పదునులో యూరియా వేయాలి" అన్న సలహా కూడా సగమే మిగిలింది. వాన వెలిసిన మర్నాడు నేల తడిగా ఉంది కదా అని చల్లి వచ్చేస్తారు. తర్వాత నాలుగు రోజులు ఎండ కాస్తుంది. అమ్మోనియా ఎగిరిపోవడానికి ఇంతకన్నా అనుకూలమైన వాతావరణం ఉండదు: కరగడానికి సరిపడా తేమ ఉంది, లోపలికి దిగడానికి సరిపడా నీళ్లు లేవు. పదునులో వేయడం తప్పు కాదు. వేసిన వెంటనే గుంటక (సాళ్ల మధ్య మట్టిని కదిపే పనిముట్టు) తోలో, మట్టి ఎగదోసో కప్పేయాలి. రెండంగుళాల మట్టి కప్పినా చాలు. గుంటక తోలే వీలు లేకపోతే, వేసిన రోజునే తేలిక తడి ఇవ్వాలి. యూరియా కరిగి ఆ నీళ్లతో పాటే లోపలికి దిగుతుంది. ముంచెత్తేలా తడి పెడితే మాత్రం, ఇంకా అమ్మోనియంగా మారని యూరియా నీళ్లతో కొట్టుకుపోయి మడి చివర తేలుతుంది. కొన్ని చేలల్లో నీళ్లు పెట్టే గట్టు దగ్గర మొక్కలు పాలిపోయి, చివరి గట్టు దగ్గర నల్లగా నిగనిగలాడుతుంటాయి. కారణం చాలాసార్లు ఇదే.

మొక్కకు రెండు గ్రాములు

మన విశ్వవిద్యాలయాల సిఫార్సు ఏమిటంటే, వానాకాలంలో ఎకరాకు 72 నుంచి 80 కిలోల నత్రజని, 24 కిలోల భాస్వరం, 20 కిలోల పొటాష్. యాసంగిలో 80 నుంచి 96 కిలోల నత్రజని, 32 కిలోల భాస్వరం, 32 కిలోల పొటాష్. దీన్ని బస్తాల్లోకి మారుద్దాం. వానాకాలంలో ఒక బస్తా డీఏపీ వేస్తే 23 కిలోల భాస్వరంతో పాటు 9 కిలోల నత్రజని కూడా వచ్చేస్తుంది. చాలామంది ఈ తొమ్మిదిని లెక్కలోకే తీసుకోరు. 80 కిలోల్లో మిగిలిన 71 కిలోలకు 154 కిలోల యూరియా కావాలి, మూడున్నర బస్తాల కంటే కొంచెం తక్కువ. యాసంగిలో డీఏపీ 70 కిలోలు వేస్తే యూరియా నాలుగు బస్తాలు. ఐదు, ఆరు బస్తాలు వేస్తున్న చోట అదనంగా పడేది ఎంతో దీన్ని బట్టి చూసుకోవచ్చు.

ఇప్పుడు మొక్క దగ్గరికి రండి. 60 సెంటీమీటర్ల సాళ్లలో 20 సెంటీమీటర్లకొక గింజ పెడితే ఎకరాకు 33 వేల పైచిలుకు మొక్కలు. మోకాలెత్తు దశలో వేసే మూడో వంతు నత్రజనికి 58 కిలోల యూరియా అవుతుంది. మొక్కకు పంచితే రెండు గ్రాముల లోపే. మూడు వేళ్లతో పట్టిన చిన్న చిటికెడు. పంట కాలం మొత్తానికి మొక్కకు అందే యూరియా ఐదు గ్రాముల లోపు, ఒక టీ చెంచాకు కాస్త ఎక్కువ. ఆ చిటికెడు ఎక్కడ పడుతుందన్నదే తేడా తెస్తుంది. మొదలుకు నాలుగంగుళాల దూరంలో, సాలులో పడి మట్టి కింద ఉంటే వేరు అందుకుంటుంది. కాండానికి ఆనించి పోస్తే మొదలు మాడుతుంది. నడుము ఎత్తు చేలో పైనుంచి చల్లితే గుళికలు మొవ్వులో పడి ఆకులు తెల్లగా కాలిపోతాయి, మిగిలినవి సాళ్ల మధ్య కలుపుకు అన్నం పెడతాయి.

కూలీల కొరత ఉన్న చోట "మొక్క మొక్కకీ చిటికెడు" అనడం చెప్పినంత తేలిక కాదని నాకూ తెలుసు. చల్లడం గంటన్నర పని, సాలు వెంబడి వేయడం ఒక రోజు పని. అందుకే కూలీ ఖర్చుకు జడిసి చల్లేస్తారు. కానీ పైన చూసిన ఒకటిన్నర క్వింటాలు తేడాను ఒక్కసారి ఆ కూలీ పక్కన పెట్టి చూడండి. మొక్కజొన్నలో యూరియా కోసం పెట్టే ఖర్చులో బాగా తిరిగొచ్చేది సరుకు మీద పెట్టింది కాదు, దాన్ని సాలులో వేసి మట్టి కప్పడానికి పెట్టిన కూలీ. డ్రిప్పు ఉన్నవాళ్లకు ఈ తలనొప్పే లేదు. యూరియాను నీళ్లలో కరిగించి, వారానికింత చొప్పున వేరు దగ్గరికే పంపొచ్చు.

ఎప్పుడు

విత్తిన మూడు వారాల వరకు మొక్కజొన్న తనకు కావాల్సిన నత్రజనిలో ఇరవయ్యో వంతు కూడా తీసుకోదు. అప్పటికి దాని పెరుగుదల మొగ్గ కూడా నేల మట్టానికి కిందే ఉంటుంది. మోకాలెత్తు దగ్గర నుంచి ఒక్కసారిగా ఊపందుకుంటుంది. కంకిలో ఎన్ని వరుసలు, వరుసకు ఎన్ని గింజలకు చోటు అన్నది మోకాలెత్తుకు, పూతకు మధ్యలోనే మొక్క లోపల ఖరారవుతుంది. కంకి మీద పీచు కనిపించేనాటికి మొత్తం నత్రజనిలో సుమారు మూడింట రెండొంతులు మొక్కలోకి చేరిపోయి ఉంటుంది. ఆ తర్వాత ఎంత వేసినా ఆకు పచ్చబడుతుందేమో గానీ, లేని గింజ పుట్టదు.

అందుకే వానాకాలంలో మూడు దఫాలు: విత్తేటప్పుడు ఒకటి, 30 నుంచి 35 రోజులకు ఒకటి, 50 నుంచి 55 రోజులకు, అంటే జల్లు (మొక్క తల మీద వచ్చే మగ పూత) రావడానికి ముందు ఒకటి. యాసంగి పంట కాలం ఎక్కువ, దిగుబడీ ఎక్కువ గనక నాలుగు దఫాలు: విత్తేటప్పుడు, 25-30 రోజులకు, 45-50కి, 60-65కి. ఇందులో నా అభిప్రాయం ఒకటి కలుపుతాను. చల్కా నేలల్లో, వానలు జోరుగా ఉన్న ఏడాది, విత్తనంతో వేసే వాటా కాస్త తగ్గించి ఆ తగ్గించినది మోకాలెత్తుకు జరిపితే నష్టం లేదు. మూడు వారాల పిల్లమొక్క కోసం ఎకరా నేలలో 27 కిలోల నత్రజని పరిచి వాన కోసం ఎదురుచూడటం అంత తెలివైన పని కాదు. వరి మాగాణిలో మాత్రం ఈ సలహా పనికిరాదు. ఎందుకో తర్వాత చెబుతాను.

2025 వానాకాలంలో తెలంగాణలో యూరియా కోసం రైతులు సొసైటీల ముందు తెల్లారక ముందే బారులు తీరారు. చెప్పులు, పాసు పుస్తకాలు వరుసలో పెట్టి నిలబడ్డారు. ఇలాంటి సమయంలో 266 రూపాయల ధరకు అర్థమే లేదు. దొరకని సరుకు ధర ఎంతైతేనేం? కొరత మొక్కజొన్నను దెబ్బతీసేది బస్తాల సంఖ్య కన్నా తేదీతోనే. మోకాలెత్తు దఫా రెండు వారాలు ఆలస్యమైతే, తర్వాత రెట్టింపు వేసినా కంకి పొడవు తిరిగి రాదు. టెన్షన్‌లో చాలామంది చేసే తప్పు, దొరికిన బస్తాలన్నీ ఒకే ఎకరంలో కుమ్మరించి మిగతాది ఎండగట్టడం. మొదటి బస్తా ఇచ్చే ఫలితం నాలుగో బస్తా ఇవ్వదు కాబట్టి ఉన్నదాన్ని అన్ని ఎకరాలకూ పంచడమే మేలు. రెండు బస్తాలే దొరికితే పెద్ద వాటా మోకాలెత్తుకు, మిగిలింది జల్లుకు ముందు. అంతంత మాత్రంగా ఉన్న యూరియాను పైన చల్లడం ఇంకా పెద్ద తప్పు.

అదే సమయంలో "ఒక్క సీసా ఒక బస్తాతో సమానం" అంటూ నానో యూరియా అంటగట్టడం కూడా చాలాచోట్ల జరిగింది. 2021లో ఎరువుల సహకార సంస్థ ఇఫ్కో తెచ్చిన మొదటి రకంలో నత్రజని 4 శాతం. అర లీటరు సీసాలో 20 గ్రాములు. బస్తాలో 20 కిలోల పైన. 33 వేల మొక్కలకు 20 గ్రాములు పంచితే ఒక్కో మొక్కకు ఒక మిల్లీగ్రాము కూడా రాదు. ఆకు మీద పిచికారీ చేస్తే ఎంత సమర్థంగా లోపలికి పోయినా, లేని నత్రజని ఎక్కడి నుంచి వస్తుంది? నత్రజని గాఢత పెంచిన తర్వాతి రకాల్లోనూ లెక్క బస్తాకు దరిదాపుల్లోకి రాదు. పచ్చదనం కోసం పైపూతగా కొట్టుకునేవాళ్లు కొట్టుకోవచ్చు, నేలలో వేయాల్సిన దఫాను మాత్రం దాని కోసం మానుకోకూడదు.

వరి కోసిన మాగాణిలో

కృష్ణా, గుంటూరు, గోదావరి డెల్టాలో వరి తర్వాత ఒకప్పుడు మినుము చల్లేవాళ్లు. పల్లాకు తెగులు, బంగారు తీగ కలుపు మినుమును దెబ్బతీశాక చాలామంది దున్నకుండా మొక్కజొన్న పెట్టడం మొదలుపెట్టారు. వరి కోయగానే మిగిలిన తేమలో తాడు పట్టి, రంధ్రాలు చేసి గింజ వేయడమే. దుక్కి ఖర్చు లేదు, సమయం మిగులుతుంది, తెనాలి, దుగ్గిరాల వైపు దిగుబడులు దేశంలోనే మేలైన వాటిలో ఉంటాయి. కానీ నత్రజని పరంగా ఇది ప్రత్యేకమైన చేను, కొంచెం ఓపిగ్గా చూడాలి.

మొదటిది, కింద వరి మోళ్లు, పైన గడ్డి తునకలు. గడ్డిలో కర్బనం చాలా ఎక్కువ, నత్రజని చాలా తక్కువ. దాన్ని కుళ్లబెట్టే సూక్ష్మజీవులకు నత్రజని కావాలి, గడ్డిలో లేదు కనుక నేలలోంచి లాక్కుంటాయి. పిల్లమొక్క పక్కనే కూర్చుని పోటీ పడతాయన్నమాట. ఇలాంటి చేలో 15-20 రోజుల పైరు పసుపు తిరగడానికి ఇదొక ముఖ్య కారణం. సూక్ష్మజీవులు పట్టుకున్న నత్రజని తర్వాత తిరిగి వస్తుంది గానీ, ఆకలి వేసిన రోజున రాదు. చల్కాలో మొదటి దఫా తగ్గించుకోవచ్చన్న మాట ఇక్కడ చెల్లనిది ఇందుకే. ఇక్కడ మొదటి వాటా పూర్తిగా ఇవ్వాలి, అదీ గింజ పక్కన ఇంకో రంధ్రంలో. గింజతో కలిపి ఒకే రంధ్రంలో వేస్తే మాత్రం అమ్మోనియా దెబ్బకు మొలకే రాదు.

రెండోది, దున్నలేదు కాబట్టి తర్వాత దఫాల్లోనూ గుంటకకు చోటు లేదు. పైగా గడ్డి మీద యూరియేజ్ ఎక్కువ. నేల మీద చల్లిన దానికన్నా గడ్డి మీద పడిన యూరియా త్వరగా గాల్లో కలుస్తుంది. కాబట్టి ఈ చేలల్లో తడి పెట్టే రోజే యూరియా రోజు. ముందు యూరియా, వెనకే తేలిక తడి. ముందు తడి పెట్టి, కాలు దిగబడని స్థితికి రాగానే చల్లడం అనే అలవాటు ఇక్కడే ఎక్కువ, నష్టమూ ఇక్కడే ఎక్కువ.

మూడోది జింకు. వరి తర్వాత వేసిన మొక్కజొన్నలో జింకు లోపం మామూలే. లేత ఆకుల మీద మధ్య ఈనెకు రెండు పక్కలా తెల్లటి పట్టీలు వస్తాయి. రైతు దాన్ని చూసి ఇంకో అర బస్తా యూరియా వేస్తాడు, తెలుపు తగ్గదు. లీటరు నీటికి 2 గ్రాముల జింకు సల్ఫేటు వారం తేడాతో రెండుసార్లు కొడితే తగ్గుతుంది. ముందుచూపుంటే మూడు పంటలకొకసారి ఎకరాకు 20 కిలోలు నేలలో వేసుకోవాలి, డీఏపీతో కలపకుండా.

ఇంకో సంగతి కౌలు. డెల్టాలో ఈ పంట వేసేవాళ్లలో చాలామంది కౌలు రైతులు. ఎకరాకు కట్టాల్సిన కౌలు ముందే తేలిపోయి ఉంటుంది. వచ్చే ఏడాది ఆ చేను తన చేతిలో ఉంటుందో లేదో తెలియదు. ఆయన దృష్టిలో అదనపు బస్తా ఒక బీమా. 266 రూపాయలకు ఇంతకన్నా చవకైన బీమా ఏదీ లేదు. ఆ ఆలోచనను తప్పుపట్టలేం. కానీ బీమా అనుకున్న బస్తా ఒక్కోసారి పంట మీదికే తెస్తుంది. పొటాష్ వేయకుండా నత్రజని పెంచుకుంటూ పోతే కాండం ఎత్తుగా, మెత్తగా పెరుగుతుంది. పూత తర్వాత నీటి ఎద్దడి తగిలితే కాండం కుళ్లు సోకుతుంది, గాలి వీస్తే పడిపోతుంది. 2018లో మన దేశంలోకి వచ్చిన కత్తెర పురుగుకు కూడా లేతగా, ముదురాకుపచ్చగా ఉన్న మొవ్వులంటే ప్రీతి. పొటాష్ ధర యూరియాలా ప్రభుత్వం కట్టేసిన ధర కాదు. 2010లో పోషకాల ఆధారిత సబ్సిడీ వచ్చినప్పటి నుంచి భాస్వరం, పొటాష్ ధరలు పెరిగాయి, యూరియా ఒక్కటీ పెద్దగా కదల్లేదు. చేలో పడే ఎరువుల తూకం అప్పటి నుంచి మరింత తప్పింది. రైతు చవకైనది ఎక్కువ వేశాడు, ఖరీదైనది మానేశాడు. ఆయన స్థానంలో ఎవరున్నా అదే చేస్తారు.

పసుపు కనిపిస్తే

ప్రతి పసుపూ నత్రజని లోపం కాదు. నత్రజని తక్కువైతే ముందు పాలిపోయేది కింది ముదురు ఆకు. మొక్క ఉన్న నత్రజనిని ముదురాకులోంచి పీకి లేతాకుకు పంపుకుంటుంది. ఆకు కొన దగ్గర మొదలై మధ్య ఈనె వెంబడి ఇంగ్లిషు వి అక్షరంలా పసుపు లోపలికి దిగుతుంది, అంచులు కాసేపు పచ్చగానే ఉంటాయి. దీనికి సరిగ్గా తిరగబడితే, అంటే అంచులు మాడి మధ్య పచ్చగా ఉంటే అది పొటాష్. పై లేతాకుల్లో ఈనెల మధ్య పసుపు చారలైతే గంధకాన్ని అనుమానించాలి. చలి రోజుల్లో పిల్లమొక్క ఊదా రంగు తిరిగితే భాస్వరం.

కంటికి కనిపించే దాకా ఆగడం కూడా ఆలస్యమే. వరి రైతులు వాడే ఆకు రంగుల పట్టీ మొక్కజొన్నకూ పనికొస్తుంది. మోకాలెత్తు నుంచి జల్లు వచ్చే వరకు, పైన పూర్తిగా విచ్చుకున్న ఆకును నీడలో పట్టీ పక్కన పెట్టి చూడాలి. 5వ నంబరు కన్నా లేతగా ఉంటే దఫా వేయాల్సిన సమయం. ముదురుగా ఉంటే ఇంకొన్ని రోజులు ఆగొచ్చు. పక్కవాడి చేనుతో పోల్చుకోవడం కన్నా ప్లాస్టిక్ పట్టీతో పోల్చుకోవడం నయం, దానికి పోటీ ఉండదు.

నల్లరేగడిలో మూడు రోజుల ముసురు తర్వాత వచ్చే పసుపు మరో రకం. చేలో నీళ్లు నిలిస్తే వేరుకు గాలి అందదు, ఉన్న నైట్రేటు గాల్లో కలుస్తుంది. ఆ రోజు నేలలో యూరియా వేస్తే ఊపిరాడని వేరు దాన్ని తీసుకోలేదు. ముందు కాలువలు తీసి నీళ్లు బయటికి పంపాలి. ఆకు తడి ఆరాక లీటరుకు 20 గ్రాముల యూరియా గానీ, 10 గ్రాముల 13-0-45 (పొటాషియం నైట్రేటు) గానీ పిచికారీ చేస్తే మొక్క తేరుకుంటుంది. నేల నడవడానికి వీలయ్యాక, నష్టం చూసుకుని ఎకరాకు 25, 30 కిలోల యూరియా కొంచెం పొటాష్‌తో కలిపి సాళ్లలో వేయాలి. వరుస తారుమారైతే డబ్బు నీళ్లలో పోసినట్టే.

మీ నేల ఎంత ఇస్తోంది

2015 నుంచి భూసార కార్డులు ఇస్తున్నారు. పీహెచ్, భాస్వరం, పొటాష్, జింకు విషయంలో అవి పనికొస్తాయి. నత్రజని విషయంలో మాత్రం నాకు వాటి మీద పెద్ద నమ్మకం లేదు. మన నేలల్లో చాలావాటికి నత్రజని "తక్కువ" అనే వస్తుంది. తక్కువ అయితే సిఫార్సు కన్నా 30 శాతం పెంచమంటారు. అలా చూస్తే అందరూ పెంచాల్సిందే. నేలలోని నత్రజని వానతో, ఎండతో, ముందు పంటతో వారం వారం మారుతుంది. వేసవిలో తీసిన మట్టి ఆగస్టులో ఎంత ఇస్తుందో చెప్పలేదు. ముందు పంట పెసరో, వేరుశనగో అయితే నేల కాస్త ఎక్కువ ఇస్తుంది. పశువుల ఎరువు టన్నుకు 5 కిలోల దాకా నత్రజని ఉంటుంది గానీ మొదటి పంటకు అందేది అందులో కొంతే. మొక్కజొన్న చొప్పను కాల్చేస్తే అందులోని నత్రజని దాదాపు అంతా పొగలో పోతుంది. వీటన్నిటి కూడిక ఎంతో ఏ కార్డూ చెప్పదు, మొక్కే చెప్పాలి.

దానికో దారుంది. చేలో ఒక మూల నాలుగైదు సాళ్లు, పది మీటర్ల పొడవున, నత్రజని వేయకుండా వదిలేయండి. డీఏపీ కూడా వద్దు, అందులో నత్రజని ఉంది. దాని బదులు సింగిల్ సూపర్ ఫాస్ఫేటు, పొటాష్, జింకు మామూలుగా ఇవ్వండి. దారిన పోయేవాళ్లు ఆ పసుపు పట్టీని చూసి ఏదో ఒకటి అంటారు, అననివ్వండి. కోతప్పుడు ఆ పట్టీ నడుమ రెండు సాళ్లు, ఐదు మీటర్ల పొడవు, అంటే 6 చదరపు మీటర్ల కంకులు విడిగా కోసి, ఆరబెట్టి, గింజ ఒలిచి తూయండి. మామూలుగా యూరియా వేసిన చోటా అంతే కొలత.

పట్టీలో 2.1 కిలోలు, మామూలు చేలో 4.7 కిలోలు వచ్చాయనుకుందాం. ఎకరాకు మారిస్తే 14 క్వింటాళ్లు, దాదాపు 32 క్వింటాళ్లు. ఆ పధ్నాలుగూ నేల తన సొంతంగా ఇచ్చినవి. తేడా సుమారు 1,750 కిలోలు. మీరు వేసిన నత్రజని 80 కిలోలు. భాగిస్తే కిలోకు 22 కిలోల గింజ. ఇది మంచి లెక్క, ఆ చేలో యూరియా తన పని తను చేస్తోంది. ఇంకో అర బస్తా పెంచి చూడటానికీ వీలుంది. అదే భాగహారం 10, 12 దగ్గర ఆగితే ఇంకో బస్తా వేయడం వృథా. మొక్కల సంఖ్య 33 వేలకు 24 వేలే ఉన్నాయా, జల్లు దశలో తడి తప్పిందా, జింకు లోపముందా, యూరియా పైపైన పడి గాల్లో కలిసిందా అన్నవి వరుసగా చూసుకోవాలి. పట్టీలోనూ మామూలు చేలోనూ పెద్ద తేడా లేకుండా 25 క్వింటాళ్ల పైన వచ్చిందంటే, ఆ నేలలో కిందటి పంటల నత్రజని ఇంకా నిల్వ ఉందన్నమాట. అలాంటి చేలో వచ్చే పంటకు ఒక బస్తా నిర్భయంగా తగ్గించవచ్చు.